నరసాపురము ప్రక్కనున్న మాధవాయిపాలెము



నరసాపురము నెరుగనివారు గోదావరి సీమలో నుండరు. అచ్చట పురపాలక సంఘము కలదు. న్యాయస్థానములు కలవు. 1949లో వెలసిన కళాశాల కలదు. రైలుదారి అచ్చటితో ముగియును. కావున బండి యెక్కి నిద్రించినవానికి దిగవలసిన చోటు దాటిపోవుదునేమో యను భయము లేదు. ఇన్ని కలిగిన ఆ పట్టణమునకు ప్రక్కనే, వసిష్ఠ గోదావరి యొడ్డున, మాధవాయిపాలెమను చిన్న పల్లె యొకటి యున్నది. దానికి తనదని చెప్పుకొనుటకు పురపాలక సంఘము లేదు, కచ్చేరి లేదు, రైలు నిలుచు తావు లేదు. ఏటి కావలి సఖినేటిపల్లికి పోవు పంటు రేవు మాత్రము కలదు.

పట్టణమును విడిచి పల్లెను పట్టుకొంటినేల యని మీరు నన్నడుగవచ్చును. ఫ్రాన్సు దేశములో గుడ్డల వర్తకుని యొద్దకు పోయి నరసాపురము పేరు చెప్పినచో అతడు తెల్లబోవును. 'మదపొలాం' అని యన్నచో తెల్లని నూలుగుడ్డ తాను విప్పి ముందు పరచును. స్పెయినువారు దానినే 'మదపొలాన్' అందురు. పోర్చుగీసువారికిని ఆ మాట కలదు. ఈ మాట లన్నింటికిని మూలము మన మాధవాయిపాలెమే. ఆ పల్లె పేరు మూడు నాలుగు పరభాషల నిఘంటువులలో కెక్కి కూర్చున్నది. మన తెలుగు బడిపుస్తకములలో మాత్రము దానికి చోటు దొరకుట అరుదు.

నేను వ్యాకరణము చదువుకొన్నవాడను గనుక ముందుగా మాట పుట్టువు చెప్పిగాని నోరూరకుండదు. మాధవయ్య పేర వెలసిన పాలెము మాధవయ్యపాలెము. వాడుకలో నలిగి మాధవాయిపాలెమైనది. పాలెమనగా మొదట దండు విడిసిన చోటు. 'పాళెగాడు' అను మాటయు ఆ కుదురునుండియే వచ్చినది. కాలక్రమమున దండులు పోయినవి, కాపురములు నిలిచినవి, పాలెమను మాట శివారు పల్లెకు పేరై కూర్చున్నది. మన కోస్తాలో పాలెములకు లెక్క లేదు. ఇంగ్లీషువారికి మన 'ధ'కారము పలుకదు. నడిమి 'వయ్య'ను మ్రింగివేసిరి. 'మెదపొల్లన్' అనియు 'మదపొల్లం' అనియు వ్రాసికొనిరి. 1886లో యూల్, బర్నెల్ అను నిద్దరు పండితులు ఇంగ్లీషులో చేరిన హిందూదేశపు మాటలకు 'హాబ్సన్-జాబ్సన్' అను పెద్ద కోశము ప్రకటించిరి. అందులో ఈ మాటకు వేరుగా ఆరోపము కలదు. గుడ్డ పేరు గోదావరి పాయ మీది యొక గ్రామమునుండి వచ్చినదని వారు స్పష్టముగా వ్రాసిరి.

ఊరి పేర గుడ్డకు పేరు వచ్చుట వింతకాదు. కోళిక్కోడు రేవునుండి 'కాలికో' వచ్చినది. మోసుల్ నగరమునుండి 'మస్లిన్' వచ్చినదని చెప్పుదురు. అయితే అవి రాజులు కొలువుండిన మహానగరములు. వాని సరసన నిలిచిన మూడవ పేరు ఒక పాలెముది. ఇది నాకు ఇప్పటికిని ఆశ్చర్యముగనే యుండును.

ఆ పేరు ఎట్లు సముద్రములు దాటినదో ఇక వినుడు. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీబందరున దిగి వర్తకపు కోఠీ పెట్టుకొనిరి. బందరు గొప్ప రేవే గాని, చుట్టును బాడవ నేలలు, ఉప్పుకయ్యలు. నీరు మంచిది కాదు. కొత్తగా వచ్చిన దొరలు జ్వరములపాలై రాలిపోవుచుండిరి. 1673లో బందరు చూచిన ఫ్రయర్ అను వైద్యుడు, ఓడల కెత్తుమతి జరుగు దినములలో తప్ప ఇంగ్లీషువారు అచ్చట నిలువక, ఉత్తరముగా నలుబది మైళ్ల దూరమున నున్న ఈ పాలెమునకు పోయి నివసింతురనియు, ఇది ఆరోగ్యకరమైన స్థలమనియు వ్రాసెను. అనగా మొదట వారిని ఇటు రప్పించినది గుడ్డ కంటె గోదావరి నీరు. 1679లో చెన్నపట్టణపు గవర్నరు స్ట్రేన్‌షాం మాస్టర్ ఈ ప్రాంతపు కోఠీలను తనిఖీ చేయుటకై వచ్చి ఈ యూరు చూచిపోయెను. ఆతని దినచర్య 1911లో అచ్చు పడినది. ఒలందావారు అప్పటికే పాలకొల్లున పాదుకొని యుండిరి. ఒకరి కోఠీనుండి యింకొకరి కోఠీకి నాలుగు క్రోసులు మించదు. ఇద్దరిదియు ఒకే సరుకు. ఇద్దరి కన్నును ఒకే సాలెల మగ్గముల మీద.

గుడ్డతోపాటు ఓడల మాటయు చెప్పవలెను. నరసాపురమునకు సముద్రము సుమారు మూడు క్రోసులు. ఏరు లోతైనది. ఏటి వెంబడి కలప దిగివచ్చును. ఇనుము దొరకును. వడ్రంగులు, కమ్మరులు నేర్పరులు. బౌరే అను ఇంగ్లీషు నావికుడు ఆ శతాబ్దమున బంగాళాఖాతపు తీరమంతయు తిరిగి వ్రాసిన గ్రంథములో, ఇంగ్లీషు వర్తకులు ఏటేట నరసాపురమున ఓడలు కట్టించుకొందురని చెప్పెను. తెలుగు వడ్రంగి చెక్కిన ఓడలో తెలుగు సాలె నేసిన తాను పోయినదన్నమాట. ఓడ యజమాని మాత్రము పరదేశి.

ఇక గుడ్డ. ఇది నేటి పిల్లలకు తెలియని సంగతి గనుక కొంచెము నిదానించి చెప్పెదను. ఆ గుడ్డ కావలసిన ప్రత్తి డెల్టా నేలలలో అంతగా పండునది కాదు. నాగపూరు, బీరారు సీమలనుండి లంబాడీలు ఎద్దుల మీద మోసికొని తెచ్చెడివారు. తిరుగు ప్రయాణమున సముద్రపుటుప్పు వేసికొని పోయెడివారు. ఎద్దు వట్టి వీపుతో నడచిన దినము లేదు. ఊరూర ఆడువారు రాట్నముల మీద నూలు వడికెడివారు. ఆ పనికి కులము పట్టింపు లేదు. ఆ నూలు సంతకు వచ్చును. దేవాంగులు, పద్మశాలీలు మొదలగు నేతగాండ్రు దానిని కొని, ఆసుపోసి, పడుగు చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, మగ్గమున కెక్కింతురు. తెల్లవారుజామున ఊరి వీధిలో పడుగులు చాచినప్పుడు, ఎండ ముదురక ముందే గంజి ఆరవలెను. గాలి యెక్కువైనను చిక్కే, వాన తుంపర పడినను చిక్కే. ఇంటిల్లిపాదియు వీధిలోనే యుండవలసినదే.

గుడ్డ సన్నదనమును పుంజములతో లెక్కించెడివారు. పుంజమనగా నూటయిరువది పోగులు. పదునెనిమిది పుంజముల గుడ్డ అనగా పడుగులో 2160 పోగులు. పన్నా ఒకటే అయినపుడు పుంజములు హెచ్చినకొలది గుడ్డ సన్నమగును, వెల హెచ్చును. మన పుంజము అను మాటయు కంపెనీవారి లెక్కల పుస్తకములలో అట్లే చేరినది. ఒక్క తాను ముప్పది గజములకు మించిన నిడివి గలది. దానినే వారు 'లాంగుక్లాత్' అనిరి. మనవారు లాంక్లాత్ అనుచున్నారు. మగ్గము దిగిన గుడ్డ చాకలివారి చేతికి పోవును. చౌడులో నానవేసి, ఉడికించి, ఉతికి, ఏటియొడ్డున పచ్చిక మీద ఎండబెట్టి, మరల తడిపి, మరల ఎండబెట్టి, పాలనురుగు వలె తెల్లన చేయుదురు. ఇట్లు వచ్చిన తెల్లని గుడ్డ, దళసరి కాలికోకును పలుచని మస్లినుకును నడిమిది. చొక్కాలకు, లోదుస్తులకు, పడక దుప్పట్లకు అనువైనది. ఐరోపా వారు దీనిని ఊరి పేరనే పిలువసాగిరి.

ఈ కథ విన్నవారిలో కొందరు, తెల్లవారు వచ్చి మన పల్లెకు కీర్తి తెచ్చిరి గదా యందురు. ఆ మాట నాకు రుచింపదు. కీర్తి యెవరిది, కూలి యెవరిది అని విచారింపవలెను.

ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి చేత చిక్కినవి. బుస్సీ దొర 1757 ప్రాంతమున ఈ తీరపు ఇంగ్లీషు కోఠీలను పట్టుకొనెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఇంగ్లీషు సేనాని ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించి, మరుసటి సంవత్సరము బందరు కోటను గైకొనెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానుతో సర్కారులు కంపెనీవారివైనవి. ఈ యుద్ధముల వివరము మనకిప్పుడు పని లేదు. పని ఉన్నదేమనగా, అంతవరకు గుడ్డ కొనువాడుగా నుండిన కంపెనీ, అటుపిమ్మట గుడ్డ కొనువాడును, పన్ను వసూలు చేయువాడును, తగవు తీర్చువాడును తానే అయ్యెను. బేరమాడువాని చేతనే బెత్తమున్నపుడు బేరమెట్లు జరుగునో గ్రామపెద్దలైన మీకు నేను చెప్పనక్కర లేదు.

గోదావరి డెల్టాలో కంపెనీవారి వర్తకపు ఏజెన్సీలు మూడు: ఇంజరము, బండమూర్లంక, మాధవాయిపాలెము. మూడింటిలో పెద్దది మాధవాయిపాలెము. అచ్చటి దొర సాలెవారికి ముందుగా బయానా సొమ్ము ఇప్పించును. బయానా పుచ్చుకొన్నవాడు బాకీ తీరువరకు ఇతరులకు నేయరాదు. తెచ్చిన గుడ్డను గుమాస్తాలు ఎన్నిక చేసి, ఇది మొదటి రకము, ఇది రెండవ రకము, ఇది పనికిరాదు అని విడదీయుదురు. ఎన్నికలో దిగిపోయిన తానుకు వెల తగ్గును, బాకీ మిగులును, మిగిలిన బాకీ మరుసటి బయానాతో చేరును. ఒకసారి చేయి చాచినవాడు మరల చేయి వెనుకకు తీసికొనుట దుర్లభము. ఒలందావానికో, ఊరి వర్తకునికో ఎక్కువ వెలకు అమ్ముకొనుటకు వీలు లేదు. 1798లో గోదావరి ప్రాంతపు నేతగాండ్రు కట్టుగా తిరుగబడిరి, అర్జీలు వ్రాసికొనిరి. తెల్లనివాని కొలువులో మన సాలెలు నోరు మెదపక పడియుండిరని తలచువారు ఈ సంవత్సరమును జ్ఞాపకముంచుకొందురు గాక.

తరువాతి కథ త్వరగా నడచును, ఏలయన పతనము త్వరగా నడచినది. ఇంగ్లండులో ఆవిరి యంత్రములు నూలు వడుకసాగెను, తరువాత గుడ్డ నేయసాగెను. 1813లో కంపెనీకి హిందూదేశపు వర్తకములో నున్న ఏకహక్కు పోయినది. 1833 శాసనముతో కంపెనీ వర్తకమే ముగిసినది. కోఠీలు మూతపడినవి. బయానా బంధము తెగినదని సంతోషింపబోయిన సాలెవానికి బేరమే లేకపోయినది. అదే దినములలో, 1832, 33 సంవత్సరములలో, ఘోరమైన కరవు వచ్చినది. అప్పటి రాజమహేంద్రవర మండలము ఎంత దిగజారినదో విచారించుటకు హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారిని పంపగా, 1844లో ఆతడు ఇచ్చిన నివేదికలో మండలపు దైన్యము తెలిసినది. ఆ వెనుకనే కాటన్ దొర వచ్చుట, 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టుట జరిగినవి. ఆనకట్ట రైతును నిలబెట్టినది. కాలువ నీరు చేనికి పారును గాని మగ్గమునకు పారదు.

ఇందులో మిక్కిలి చేదైన ముచ్చట ఒకటి చెప్పెదను. పైన చెప్పిన 1886 నాటి కోశములో, మదపొల్లం అనునది ఇప్పుడు ఇంగ్లండునుండి హిందూదేశమునకు ఎగుమతి యగు ముఖ్యమైన సరుకు అని వ్రాసియున్నది. గుడ్డ పోయినది, పేరు పోయినది, చివరకు ఆ పేరు వేసికొని పరదేశపు గుడ్డ మన రేవునకే తిరిగివచ్చినది. తండ్రి పేర ఇతరులు ఆస్తి వ్రాయించుకొని, కొడుకునకు అద్దెకిచ్చినట్లున్నది.

ఆ పేరు అంతటితోను ఆగలేదు. 1940లో ఇంగ్లండులో కొయ్యతో చేసిన విమానమొకటి మొదటిసారి ఎగిరినది. దాని పేరు 'మస్కీటో', అనగా దోమ. పలుచని చెక్కలు అతికి చేసిన ఆ విమానపు ఒంటికి నూలుగుడ్డ అంటించి, దాని మీద లక్క వంటి పూత పూసెడివారు. ఆ గుడ్డ మదపొలామే. రెండవ ప్రపంచయుద్ధమున అట్టి విమానములు వేలకొలదిగా తయారైనవి. పడుగు చాచుటకు గాలి నిలిచిన వేళ కోసము వీధిలో కాచుకొన్న సాలెవాని యూరి పేరు, ఆకాశమున గాలిని చీల్చుకొని పోయినది. ఇది కవులు కల్పించినది కాదు; యంత్రశాస్త్రజ్ఞులు వ్రాసినది.

నేను డెల్టా బడులలో చిరకాలము తెలుగు చెప్పినవాడను. ఒకనాడు పిల్లల స్వగ్రామములు పట్టీలో వ్రాయించుచుండగా, మాధవాయిపాలెపు పిల్లవాడొకడు నరసాపురమని వ్రాసినాడు. నీ యూరు అది కాదు గదా యని యడిగితిని. "మా ఊరి పేరు చెబితే ఎవరికి తెలుస్తుందండీ, మాస్టారూ?" అన్నాడు. వానిని తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. ఉత్తరములు నరసాపురము పేర వచ్చును; బస్సు పలక మీద నరసాపురమే యుండును; పెండ్లి శుభలేఖ మీదను నరసాపురమే. మరునాడు ఆ కోశము తెచ్చి వాని యూరి పేరు చూపితిని. వాడు ఆ ఇంగ్లీషు అక్షరములను ఒక్కొక్కటిగా కూడబలుకుకొని, పట్టీలో నరసాపురము కొట్టివేసి మాధవాయిపాలెమని వ్రాసినాడు.

పట్టణముల ప్రక్కనుండు చిన్న యూళ్ల గతి యంతయు ఇట్లే యున్నది. పట్టణము పెరుగును. నడుమనున్న చేలు ఇండ్ల స్థలములగును. ఒక దినమున ఇది ఫలానా వార్డు అని అంకె వేయుదురు. దీపములు, కొళాయిలు, మురుగు కాలువలు వచ్చినచో మంచిదే. వానికి నేను అడ్డము చెప్పను. అంకెతోపాటు పేరును ఉంచుటకు ఖర్చేమున్నది? ఒక పలక, కొంచెము రంగు.

మాధవాయిపాలెము నేడు చూచువారికి కోఠీ కనబడదు. పాలకొల్లులో ఒలందావారి పాత సమాధులున్నవి. ఇచ్చట మనుష్యుల యలికిడి యంతయు రేవు దగ్గరనే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ యొడ్డు భీమవరము ముఖ్యపట్టణముగా గల పశ్చిమ గోదావరిలో నిలిచినది. ఆవలి యొడ్డు కోనసీమ జిల్లాలోనికి పోయినది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరుగుట కిష్టపడనివారు, బండ్లతోను బస్తాలతోను ఇచ్చటనే పంటు ఎక్కుదురు. మాఘమాసమున అంతర్వేది నరసింహస్వామివారి కల్యాణమునకు, రథోత్సవమునకు పడమటి గ్రామములనుండి పోవు జనముతో ఆ రేవు క్రిక్కిరిసి యుండును.

దారపు పని మాత్రము ఆ సీమను పూర్తిగా విడువలేదు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ మిషనరీ దొరసానులు నరసాపురపు ప్రాంతమున ఆడువారికి సూదితో అల్లు లేసు పని నేర్పిరి. అది చుట్టుపట్ల పల్లెలన్నిటికి ప్రాకినది. ఇంటి పనులు తీరిన వేళ అరుగు మీద కూర్చుండి వేలాది స్త్రీలు అల్లిన లేసు విదేశములకు పోవుచున్నది. మరియా మీస్ అను జర్మను విదుషీమణి ఇచ్చటికి వచ్చి చూచి, 1982లో వీరిని గూర్చి పుస్తకము ప్రకటించినది. ఎగుమతిదారు బాగుపడుచుండగా అల్లినవారికి దక్కు కూలి ఎంత స్వల్పమో, ఆ పనిని పని యని కాక తీరిక వేళ కాలక్షేపమని పిలిచి వారి నెట్లు తక్కువ చేయుదురో ఆమె లెక్కలతో చూపినది. బయానా కాలమునాటి ఎన్నిక గుమాస్తా నాకు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినాడు. 2024లో నరసాపురపు లేసుకు ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గుర్తింపు ఉన్న సరుకు పేరును వేరొక సీమవారు వేసికొని అమ్మరాదని చట్టము. మూడువందల యేండ్ల క్రిందట అట్టి చట్టమొకటి యుండినచో, మాంచెస్టరు మిల్లువాడు తన తానుల మీద మన పాలెము పేరు ముద్రించుకొనుటకు ఎవరిననుమతి యడుగవలసి వచ్చెడిదో!

ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో నరసాపురము, పాలకొల్లు, ఆచంట ప్రాంతములవారు ఉన్నచో వారికొక విన్నపము. పాత ఇండ్ల అటకల మీద దస్తావేజులుండును: బయానా కాగితములు, చుట్టరికపు నేతపని లెక్కలు, రేవు రసీదులు, ఓడ కలప పద్దులు. చెదలు తినుటకు ముందు వానిని దింపి, దుమ్ము దులిపి, చదువగల పిల్లవాని చేత ఊరి పేర్లు, మనుష్యుల పేర్లు, తేదీలు ఒక పుస్తకములో ఎత్తి వ్రాయింపుడు. మోడి లిపిలో గాని పాత గొలుసుకట్టు తెలుగులో గాని ఉన్నచో, చదువగలవారు ఇంకను కొందరున్నారు. ఏ వీధిలో మగ్గములుండెనో, చాకలిరేవు ఏదో, ఓడలు కట్టిన మెరక ఏదో చెప్పగల ముసలివారు మీ యూర నున్నచో, ఆ చోట్లకు వారిని వెంటబెట్టుకొని పోయి, వారు చూపిన గుర్తులను కూడ అందులో వ్రాయింపుడు. వేసవి సెలవులలో ఈ పని పిల్లల కప్పగించిన చాలును.